స్కీమా లేని డేటాకి స్కీమా: షెక్స్, షాకల్ అసలు ఏం చేస్తాయి?

ఒక మనిషికి రెండు పుట్టిన తేదీలు ఉండొచ్చా? మామూలు డేటాబేస్‌ని అడిగితే కుదరదంటుంది. పుట్టిన తేదీకి ఒకటే గడి, అందులో ఒకటే విలువ. రెండోది రాయబోతే మొదటిది చెరిగిపోతుంది, లేదా ఎర్రర్ వస్తుంది. లింక్డ్ ఓపెన్ డేటాకి, అంటే వేర్వేరు చోట్ల ఎవరెవరో రాసి వెబ్ లింకులతో ఒకదానికొకటి కలిపిన బహిరంగ డేటాకి, ఇలాంటి పట్టింపేమీ లేదు. రెండు తేదీలు రాసినా, మూడు రాసినా, తేదీ ఉండాల్సిన చోట ఊరి పేరు రాసినా తీసుకుంటుంది. ఇది లోపం కాదు, కావాలనే అలా కట్టారు. కాకపోతే ఆ డేటా మీద ఆధారపడి ప్రోగ్రామ్ రాసేవాళ్లకి మాత్రం రేపు ఏం వచ్చి పడుతుందో తెలియక టెన్షన్ తప్పదు.

ఆ టెన్షన్ తగ్గించడానికి వచ్చినవే షెక్స్ (ShEx), షాకల్ (SHACL) అనే రెండు స్కీమా భాషలు, అంటే డేటా ఏ ఆకారంలో ఉండాలో రాసుకునే భాషలు. వీటిని కొత్తగా నేర్చుకునేవాళ్లు సాధారణంగా డేటాబేస్ స్కీమాలాంటిదే ఇదీ అనుకుని మొదలుపెడతారు. తికమకంతా అక్కడే పుడుతుంది. డేటాబేస్ స్కీమా గుమ్మం దగ్గర నిలబడి, ఎవరు లోపలికి రావచ్చో చెబుతుంది. లింక్డ్ డేటాలో గుమ్మమే లేదు. డేటా ఎప్పుడో వచ్చేసింది, ఎవరెవరో రాసేశారు. దాన్ని వాడుకోబోయేవాళ్లు తర్వాత వచ్చి "నా పనికి ఇందులో ఏది పనికొస్తుంది?" అని అడిగే ప్రశ్న ఇక్కడ స్కీమా. అడిగేవాళ్లు మారితే ప్రశ్న మారుతుంది, జవాబూ మారుతుంది.

మూడు ముక్కల వాక్యాలు

లింక్డ్ డేటాని రాసే పద్ధతి పేరు ఆర్‌డీఎఫ్ (RDF). అందులో సమాచారమంతా మూడు ముక్కల వాక్యాలే. ఫలానా పుస్తకం, రచయిత, ఫలానా మనిషి. ఇలాంటి ఒక్కో వాక్యాన్ని ట్రిపుల్ అంటారు. మొదటి రెండు ముక్కలకీ మామూలుగా వెబ్ చిరునామా రూపంలో ఒక పేరు ఉంటుంది, అదే యూఆర్ఐ. మూడో ముక్క ఇంకో యూఆర్ఐ కావచ్చు, లేదంటే నేరుగా రాసిన తేదీ, సంఖ్య, పేరు కావచ్చు. నేరుగా రాసిన విలువను లిటరల్ అంటారు. ట్రిపుల్స్ అన్నీ ఒకదానికొకటి అల్లుకుంటే గ్రాఫ్ తయారవుతుంది.

వెబ్ ప్రమాణాలు ఖరారు చేసే డబ్ల్యూ3సీ సంస్థ 1999లో ఆర్‌డీఎఫ్‌ని ప్రమాణంగా ప్రకటించింది. 2006లో టిమ్ బెర్నర్స్-లీ లింక్డ్ డేటాకి నాలుగు సూత్రాలు రాశారు: వస్తువులకి యూఆర్ఐలతో పేర్లు పెట్టండి, అవి హెచ్‌టీటీపీతో తెరుచుకోవాలి, తెరిస్తే పనికొచ్చే సమాచారం కనబడాలి, అందులోంచి మరిన్ని వస్తువులకి లింకులుండాలి. ఆ తర్వాత 2007లో వికీపీడియా పేజీల్లోని సమాచారపెట్టెల్లోంచి తీసిన డీబీపీడియా, 2012 అక్టోబర్‌లో ఎవరైనా దిద్దగలిగే వికీడేటా అనే లింక్డ్ డేటా భాండారాలు వచ్చాయి. వికీడేటాలో ఇప్పుడు పది కోట్లకు పైగా అంశాలున్నాయి.

ఈ పద్ధతిలోని గొప్పంతా కలపడంలో ఉంది. ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్లు వేర్వేరుగా రాసిన గ్రాఫ్‌లని ఏ మార్పూ చేయకుండా కలిపేయొచ్చు. కాలమ్‌లు సరిపోవడం లేదన్న గొడవ రాదు, అసలు కాలమ్‌లే లేవు కాబట్టి. ఎవరైనా, దేని గురించైనా, ఏమైనా చెప్పొచ్చు. ఇబ్బంది కూడా సరిగ్గా అక్కడి నుంచే వస్తుంది.

ఔల్ ఎందుకు సరిపోలేదు

"ఆర్‌డీఎఫ్ స్కీమా అని ఒకటి ముందునుంచీ ఉంది కదా, మళ్లీ కొత్తవి ఎందుకు?" అని ఎవరికైనా అనిపిస్తుంది. దానికంటే లోతైన నిర్వచనాలు రాసుకోనిచ్చే ఔల్ (OWL) అనే భాష కూడా 2004 నుంచే ఉంది. అయితే అవి చేసే పని తనిఖీ కాదు, ఊహ. ఈ తేడా పట్టుబడకపోతే మిగతాదేదీ అర్థం కాదు, కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి.

"రచయిత" అనే లక్షణానికి విలువగా మనిషే ఉండాలని ఆర్‌డీఎఫ్ స్కీమాలో రాశాం అనుకోండి. దాన్ని రేంజ్ అంటారు. ఇప్పుడెవరో ఒక పుస్తకానికి రచయితగా పొరపాటున ఒక ప్రచురణ సంస్థని రాశారు. డేటాబేస్ అయితే ఒప్పుకోదు. ఆర్‌డీఎఫ్ స్కీమా ఒప్పుకోవడమే కాదు, ఒక అడుగు ముందుకేసి, "రచయిత అన్నారు కాబట్టి ఈ సంస్థ ఒక మనిషి" అని తీర్మానిస్తుంది. తప్పు దొరక్కపోగా, దాని మీద ఇంకో తప్పు చేరింది.

ఔల్ ఇంకా విచిత్రం. కన్నతల్లి ఒక్కరే ఉంటారు కాబట్టి ఆ లక్షణానికి ఒకే విలువ అని రాసి, ఒక మనిషికి ఇద్దరు తల్లుల పేర్లు ఇచ్చామనుకోండి. ఔల్ రీజనర్, అంటే ఆ నియమాల నుంచి కొత్త సంగతులు తీర్మానించే ప్రోగ్రామ్, ఎర్రర్ ఇవ్వదు. "అయితే ఈ రెండు పేర్లూ ఒకే మనిషివన్నమాట" అంటుంది. ఒకే వస్తువుకి రెండు యూఆర్ఐలుండడం వెబ్‌లో మామూలే కాబట్టి దాని లెక్కలో ఇది సబబే. ఆ ఇద్దరూ వేర్వేరు అని ఎక్కడైనా స్పష్టంగా రాసి ఉంటే తప్ప వైరుధ్యం బయటపడదు. ఇక ప్రతి మనిషికీ కనీసం ఒక పుట్టిన తేదీ ఉండాలని రాసి, తేదీ లేని మనిషిని చూపిస్తే? ఏమీ అనదు. తేదీ ఎక్కడో ఉండే ఉంటుంది, నాకింకా తెలియదంతే, అంటుంది.

దీన్ని ఓపెన్ వరల్డ్ అంటారు. రాయనిది అబద్ధం కాదు, తెలియనిది, అంతే. వెబ్ మొత్తాన్ని ఉద్దేశించిన లాజిక్‌కి ఇంతకంటే సరైన దారి లేదని నా అభిప్రాయం. కానీ నా ముందున్న ఈ ఫైల్లో, ఈ రోజు, పుట్టిన తేదీ ఉందా లేదా అన్నదే ప్రశ్న అయినప్పుడు ఆ లాజిక్ ఎందుకూ కొరగాదు. ఆ ప్రశ్నకి గ్రాఫ్‌ని తాత్కాలికంగా మూసేసి, ఇందులో ఉన్నదే ఉంది, లేనిది లేదు అనుకుని చూడాలి.

చాలా ఏళ్లపాటు ఈ పనికి ఆర్‌డీఎఫ్ డేటాని ప్రశ్నలడిగే స్పార్కల్ (SPARQL) భాషలో రాసిన క్వెరీలే దిక్కు. పుట్టిన తేదీ లేని మనుషుల జాబితా కావాలంటే ఒక క్వెరీ, రెండున్నవాళ్ల కోసం ఇంకోటి, తేదీ చోట తేదీ కానిది ఉన్నవాళ్ల కోసం మరోటి. పని జరుగుతుంది. కానీ అలాంటి క్వెరీలు యాభై పోగయ్యాక, అసలు మన లెక్కలో మనిషి అంటే ఏయే వివరాలుండాలో వాటిని చూసి ఎవరూ చెప్పలేరు. ఎక్స్ఎంఎల్ అనే ఇంకో డేటా పద్ధతి వాడేవాళ్లకి డీటీడీ, ఎక్స్ఎంఎల్ స్కీమా, రిలాక్స్ ఎన్‌జీ అనే స్కీమా భాషలున్నాయి. ఆర్‌డీఎఫ్‌కి అలాంటిది లేదన్న లోటు తీర్చడానికి 2013 సెప్టెంబర్‌లో డబ్ల్యూ3సీ కేంబ్రిడ్జ్, మసాచుసెట్స్‌లో ఒక వర్క్‌షాప్ పెట్టింది. 2014లో వర్కింగ్ గ్రూప్ ఏర్పడింది. అందరూ ఒకే భాష మీద రాజీపడలేదు. షాకల్ 2017 జులై 20న డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. షెక్స్ ఒక కమ్యూనిటీ గ్రూప్ చేతుల్లో విడిగా పెరిగింది, దాని 2.0 రూపం కూడా 2017లోనే వచ్చింది.

ఒక షేప్‌ని దగ్గరగా చూస్తే

రెండు భాషల్లోనూ మూలమైన మాట షేప్. ఒక నోడ్ (గ్రాఫ్‌లోని ఒక వస్తువు) చుట్టూ ఏయే బాణాలు (లక్షణాలు), ఎన్నెన్ని, ఎలాంటి విలువల వైపు వెళ్లాలో చెప్పేదే షేప్. షెక్స్‌లో ఒకటి ఎలా ఉంటుందో తెలుగు పేర్లతో రాసి చూపిస్తాను. అసలు ఫైల్లో ఈ పేర్ల స్థానంలో యూఆర్ఐలుంటాయి, తీరు మాత్రం ఇదే:

<మనిషి> {
  రకం [మనిషి] ;
  పేరు స్ట్రింగ్ + ;
  పుట్టిన_తేదీ తేదీ ? ;
  పుట్టిన_చోటు @<ప్రదేశం> ? ;
  రచన @<పుస్తకం> *
}

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమైపోతుంది. కూడిక గుర్తు ఉంటే కనీసం ఒకటి, ప్రశ్నార్థకం ఉంటే ఒకటి లేదా సున్నా, నక్షత్రం గుర్తు (*) ఉంటే ఎన్నయినా, సున్నా కూడా. ఏ గుర్తూ లేకపోతే కచ్చితంగా ఒకటి. @ గుర్తు ఉన్న చోట విలువ ఇంకో షేప్‌కి సరిపోవాలి. రచన పక్కనున్న వస్తువు పుస్తకం షేప్‌కి సరిపోతుందా అని చూస్తూ, పుస్తకం షేప్‌లో రచయిత దగ్గర మళ్లీ మనిషి షేప్‌కి రావచ్చు. ఇలా గుండ్రంగా తిరిగి రావడం షెక్స్‌లో చెల్లుతుంది, కొన్ని రకాల నిషేధాలతో కలిపితే తప్ప. షాకల్ ప్రమాణం మాత్రం ఇలా తిరిగొచ్చే షేప్‌ల సంగతి నిర్వచించకుండా వదిలేసింది, ఏం చేయాలన్నది ఒక్కో సాఫ్ట్‌వేర్ ఇష్టం. గ్రాఫ్ అంటేనే తిరిగొచ్చే దారులు కదా, ఆ వదిలేయడం నాకు ఎప్పుడూ వెలితిగానే కనిపిస్తుంది.

షాకల్‌లో ఇదే షేప్‌ని ట్రిపుల్స్‌తోనే రాస్తారు. అంటే స్కీమా కూడా ఆర్‌డీఎఫ్ గ్రాఫే. పుట్టిన తేదీకి ఒక ప్రాపర్టీ షేప్, దానికి పాత్ ఫలానా, డేటాటైప్ (విలువ రకం) తేదీ, మ్యాక్స్‌కౌంట్ (గరిష్ఠంగా ఎన్ని) ఒకటి. చదవడానికి షెక్స్ అంత హాయిగా ఉండదు. బదులుగా రెండు లాభాలున్నాయి. ఏయే నోడ్‌లని పరీక్షించాలో షేప్‌లోనే చెప్పొచ్చు, దాన్ని టార్గెట్ అంటారు: ఫలానా క్లాస్‌కి (వస్తువుల రకానికి) చెందినవన్నీ, ఫలానా లక్షణం ఉన్నవన్నీ, ఇలా. షెక్స్‌లో ఈ జత కుదిర్చే పని షేప్ మ్యాప్ అనే వేరే చీటీ మీద ఉంటుంది. రెండో లాభం రిపోర్ట్. ఏ నోడ్, ఏ దారిలో, ఏ విలువ వల్ల, ఏ నిబంధన దగ్గర దెబ్బతిందో షాకల్ ఒక ప్రామాణిక రూపంలో ఇస్తుంది. అదీ ఆర్‌డీఎఫే కాబట్టి దాని మీద మళ్లీ క్వెరీలు వేసుకోవచ్చు.

రెండు భాషల తేడా నిజంగా కొరికేది ఇంకో చోట. ఒక పుస్తకానికి "గుర్తింపు సంఖ్య" అనే లక్షణం రెండుసార్లు ఉంది. ఒకటి పాత పది స్థానాల ఐఎస్‌బీఎన్, ఇంకోటి 2007 నుంచి వాడుకలోకి వచ్చిన పదమూడు అంకెలది. రెండూ ఉండాలన్నది మన నిబంధన. షెక్స్‌లో ఆ లక్షణాన్ని రెండుసార్లు, రెండు నమూనాలతో రాస్తే చాలు. ఉన్న రెండు ట్రిపుల్స్‌ని అది పంచి చూస్తుంది: ఇది దీనికి, అది దానికి. షాకల్‌లో అలాగే రెండు ప్రాపర్టీ షేప్‌లు రాశారో, పుస్తకాలన్నీ ఫెయిల్. ఎందుకంటే షాకల్‌లో ప్రతి నిబంధనా ఆ దారిలోని ప్రతి విలువకీ వర్తిస్తుంది. ప్రతి సంఖ్యా పది స్థానాలూ పదమూడు అంకెలూ ఒకేసారి కలిగి ఉండాలని అడిగినట్టయింది. దీనికి షాకల్‌లో క్వాలిఫైడ్ వాల్యూ షేప్ అని వేరే ఏర్పాటుంది, "ఈ నమూనాకి సరిపోయేది కనీసం ఒకటి" అని విడివిడిగా చెప్పాలి. షెక్స్ వ్యాకరణంలా ఆలోచిస్తుంది, షాకల్ నిబంధనల జాబితాలా ఆలోచిస్తుంది.

అలాగని షెక్స్‌లో పేచీలు లేవని కాదు. పైన రాసిన మనిషి షేప్‌లో "రకం [మనిషి]" అని ఉంది. అదే నోడ్‌కి ఎవరో "రకం రచయిత" అని కూడా చేర్చి ఉంటే షేప్ ఫెయిలవుతుంది. షేప్‌లో లేని లక్షణాలు ఎన్ని ఉన్నా షెక్స్ పట్టించుకోదు కానీ, షేప్‌లో పేరెత్తిన లక్షణానికి ఉన్న ట్రిపుల్స్ అన్నీ లెక్కలోకి రావాలంటుంది. మిగతావి కూడా ఉండొచ్చు అనడానికి ఎక్స్‌ట్రా అనే మాట చేర్చాలి. కొత్తవాళ్ల షేప్‌లలో సగం తలనొప్పి ఈ ఒక్క మాట దగ్గరే.

పాస్ అయిందంటే నమ్మొచ్చా?

షాకల్ రిపోర్ట్‌లో పైన ఒక ముక్క ఉంటుంది: కన్ఫార్మ్స్ ట్రూ, అంటే డేటా షేప్‌కి సరిపోయిందని. అది చూసి ఊపిరి పీల్చుకునే ముందు, ఎన్ని నోడ్‌లని పరీక్షించిందో అడగాలి. టార్గెట్ క్లాస్ యూఆర్ఐలో ఒక్క అక్షరం తేడా ఉన్నా దానికి సరిపోయే నోడ్‌లు సున్నా. సున్నా నోడ్‌లని పరీక్షిస్తే తప్పులూ సున్నా. కాబట్టి ట్రూ. స్కీమా డాట్ ఆర్గ్ అనే, చాలామంది వాడే పదజాలంలోని యూఆర్ఐలు ఒక డేటాలో హెచ్‌టీటీపీతో, ఇంకో డేటాలో హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవడం రోజూ చూసేదే. బ్రౌజర్‌కి అవి రెండూ ఒకటే, ఆర్‌డీఎఫ్‌కి రెండు వేర్వేరు పేర్లు. షేప్‌లో ఒకటి, డేటాలో ఇంకోటి ఉంటే మొత్తం ఫైలు ఎదురులేకుండా పాసైపోతుంది.

నిబంధన పేరు తప్పు రాసినా ఇదే కథ. కనీసం ఎన్ని ఉండాలో చెప్పే మిన్‌కౌంట్‌లో (minCount) పెద్ద అక్షరం బదులు చిన్నది పడితే షాకల్ దృష్టిలో అది ఎవరో చేర్చిన కొత్త లక్షణం. ఎవరైనా ఏమైనా చెప్పొచ్చన్న సూత్రం స్కీమాకీ వర్తిస్తుంది మరి, షేప్ కూడా ఆర్‌డీఎఫే కదా. మారు మాట్లాడకుండా ఆ నిబంధనని పక్కన పెట్టేస్తుంది.

తిరగబడే సందర్భాలూ ఉన్నాయి, అంటే డేటా బాగానే ఉండి ఫెయిలయ్యేవి. పేరు స్ట్రింగ్, అంటే వట్టి అక్షరాలు, అయి ఉండాలని రాస్తాం. డేటాలో పేరు ఉంది, చక్కగా అది ఏ భాషో చెప్పే గుర్తుతో సహా ఉంది. ఫెయిల్. భాష గుర్తు తగిలించిన వెంటనే దాని డేటాటైప్ మామూలు స్ట్రింగ్ కాదు, లాంగ్‌స్ట్రింగ్ అయిపోతుంది. పైన నేను రాసిన షేప్‌లో "పేరు స్ట్రింగ్ +" ఉంది చూడండి, పేర్లకి భాష గుర్తులున్న డేటా మీద అది ఒక్కదాన్నీ పాస్ చేయదు.

ఇక లింక్డ్ డేటాకి ప్రత్యేకమైన చిక్కు: లింక్ అవతల ఉన్నది. పుట్టిన చోటు ప్రదేశం అనే క్లాస్‌కి చెందాలని రాశాం. మన ఫైల్లో ఆ ప్రదేశం యూఆర్ఐ ఉంది, కానీ అది ప్రదేశమని చెప్పే ట్రిపుల్ అవతలి డేటాసెట్‌లో ఉంది. షాకల్ తన చేతికిచ్చిన గ్రాఫ్‌నే చూస్తుంది, లింక్ పట్టుకుని వెళ్లి తెచ్చుకోదు. ఫెయిల్ అంటుంది. అవతలి గ్రాఫ్‌ని కూడా దించి కలపాలా, లేక ఇక్కడ యూఆర్ఐ ఉంటే చాలని నిబంధన సడలించాలా అన్నది మనం తేల్చుకోవాలి. నేనైతే ప్రచురించే ముందు చేసే పరీక్షలో సడలిస్తాను, వాడుకునే ముందు చేసే పరీక్షలో కలుపుతాను. వికీడేటా క్వెరీ సర్వీస్ 2025లో పరిశోధన వ్యాసాలని వేరే గ్రాఫ్‌గా విడదీశాక ఈ చిక్కు ఇంకా చాలామందికి తగిలింది. వ్యాసం ఒకచోట, దాన్ని రాసిన మనిషి వివరాలు ఇంకోచోట.

షాకల్‌లో తీవ్రత మూడు స్థాయిలు: వయొలేషన్, వార్నింగ్, ఇన్ఫో. 2017 ప్రమాణం ప్రకారం ఇన్ఫో స్థాయిలో ఒక్క ఫలితం ఉన్నా కన్ఫార్మ్స్ ఫాల్స్ అవుతుంది. "ఫొటో ఉంటే బాగుంటుంది" అన్న సలహాకీ, "తేదీ తప్పు" అన్న ఫిర్యాదుకీ పైకి ఒకటే జవాబు. ఆ ఒక్క మాట మీద ఆధారపడి డేటా విడుదలని ఆపే స్క్రిప్ట్ రాయడం మంచిది కాదు, ఫలితాలని తీవ్రత వారీగా లెక్కపెట్టుకోవాలి.

వికీడేటా: పరీక్షకే పరీక్ష

వికీడేటాలో 2019 మే నుంచి షెక్స్‌తో రాసిన ఎంటిటీ స్కీమాలకి ప్రత్యేకంగా చోటిచ్చారు. వాటి నంబర్లు ఇంగ్లీషు E అక్షరంతో మొదలవుతాయి, మనిషి స్కీమా E10. దానికి ముందునుంచీ ప్రాపర్టీ కన్‌స్ట్రెయింట్స్ అనే ఇంకో పద్ధతి ఉంది. పుట్టిన తేదీ లక్షణానికి, అంటే పీ569కి, ఒకే విలువ ఉండడం సబబు అని ఆ లక్షణం పేజీలోనే రాసి ఉంటుంది. ఉల్లంఘిస్తే దిద్దేవాళ్లకి చిన్న హెచ్చరిక గుర్తు కనిపిస్తుంది, అంతే, సేవ్ చేయనివ్వకపోవడం ఉండదు. మినహాయింపులు కూడా అక్కడే నమోదు చేసుకోవచ్చు.

మొదట్లో అడిగిన రెండు తేదీల ప్రశ్నకి వికీడేటా జవాబు ముచ్చటగా ఉంటుంది. ఉండొచ్చు, ఒక్కోదానికి ఆధారం చూపించు, ఏది మెరుగైనదో ర్యాంక్ ఇవ్వు. ప్రిఫర్డ్, నార్మల్, డెప్రికేటెడ్ అని మూడు ర్యాంకులు. ఒక గ్రంథంలో ఒక తేదీ, చర్చి రిజిస్టర్‌లో ఇంకో తేదీ ఉంటే రెంటినీ ఉంచి, నమ్మదగినదాన్ని ప్రిఫర్డ్ చేస్తారు. మనం షేప్‌ని ఏ స్థాయిలో రాస్తున్నామన్నది అప్పుడు ముఖ్యమవుతుంది. ఆర్‌డీఎఫ్ రూపంలో వికీడేటా ప్రతి వాక్యాన్నీ రెండు తీర్ల ఇస్తుంది: మంచి ర్యాంక్ ఉన్నవాటికి నేరుగా ఒక ట్రిపుల్, అన్నిటికీ ఆధారాలు, ర్యాంకులతో సహా విడమరచిన స్టేట్‌మెంట్ నోడ్. నేరు ట్రిపుల్ మీద "ఒకటి లేదా సున్నా" అని రాస్తే సమంజసం. స్టేట్‌మెంట్‌ల మీద అదే రాస్తే, శ్రద్ధగా ఆధారాలు చేర్చినవాళ్లని తప్పుపట్టినట్టే.

ఇంకో మెలిక. తేదీ ఉందని తెలుసు కానీ ఎప్పుడో తెలియదు అని కూడా వికీడేటాలో స్పష్టంగా రాయొచ్చు. అప్పుడు తేదీ లిటరల్ ఉండాల్సిన చోట పేరులేని నోడ్ ఒకటి వస్తుంది. "విలువ తేదీ అయి ఉండాలి" అన్న షేప్ దాన్ని ఫెయిల్ చేస్తుంది. అసలు ఏమీ రాయని అంశాన్ని మాత్రం, తేదీ తప్పనిసరి కాదు కాబట్టి, పాస్ చేస్తుంది. "తెలియదు" అని నిజాయితీగా రాసినవాళ్లు ఫెయిల్, మౌనంగా ఊరుకున్నవాళ్లు పాస్. ఇక్కడ సరిదిద్దాల్సింది డేటా కాదు, షేపే.

షేప్‌కి అసలు అందనిదీ ఒకటుంది. 1952లో పుట్టారని మాత్రమే తెలిసిన మనిషికి నేరు ట్రిపుల్‌లో వచ్చే విలువ 1952 జనవరి 1. సంవత్సరం మటుకే ఖాయమన్న సంగతి విడిగా, ప్రెసిషన్ 9 అనే సంఖ్యగా, ఇంకో నోడ్‌లో ఉంటుంది. డేటాటైప్ సరిపోయింది, ఒకటే విలువ ఉంది, మరణ తేదీ కంటే ముందే ఉంది. షేప్‌కి తప్పు పట్టడానికేమీ లేదు. దాన్ని నమ్మి "ఈ రోజు పుట్టినవారు" పేజీ తయారుచేస్తే జనవరి ఒకటిన మాత్రం పేజీ పట్టనంత మంది వస్తారు. డేటా రూపం సరిగ్గా ఉందని మాత్రమే షేప్ హామీ ఇస్తుంది, నిజమని కాదు. ప్రెసిషన్‌ని కూడా అడిగే షేప్ రాసుకుంటే కొంత మేలు, కానీ ఆ సంగతి అడగాలని ముందు మనకి తెలియాలి.

తెలియాలంటే: షేప్‌తో వెతకడం

స్కీమా భాషల గురించి రాసేవాళ్లు వాలిడేషన్‌కి, అంటే తనిఖీకి, ఇచ్చిన చోటు అన్వేషణకి ఇవ్వరు. నా లెక్కలో క్రమం తలకిందులు. పరిచయం లేని డేటాసెట్ చేతికొచ్చినప్పుడు మొదట కావాల్సింది తీర్పు కాదు, మ్యాప్. అందులో పుస్తకాలన్నవాటికి నిజంగా ఏయే లక్షణాలున్నాయి? ఎంతమందికి? విలువలు లిటరల్సా, లింకులా?

దీనికి షేప్‌ని తిరగేసి వాడతారు. డేటా నుంచి షేప్‌ని పిండే పనిముట్లున్నాయి. స్పెయిన్‌లోని ఒవియేడో విశ్వవిద్యాలయంలో తయారైన షెక్సర్ అందులో ఒకటి, షెక్స్ రూపంలోనూ షాకల్ రూపంలోనూ ఇస్తుంది. ఒక క్లాస్‌కి చెందిన నోడ్‌లని తీసుకుని, ఒక్కో లక్షణం ఎంత శాతంలో కనిపించింది, ఎన్నిసార్లు, ఏ రకం విలువతో అని లెక్కగట్టి, ఆ శాతాలతో సహా షేప్ రాస్తుంది. ఎంత శాతం దాటితే షేప్‌లో చేర్చాలన్నది మనమే చెబుతాం. ఈ గీత ఎత్తులో పెడితే శుభ్రమైన, అబద్ధపు షేప్ వస్తుంది. కిందకి దించితే డేటాలోని చెత్తంతా కనిపిస్తుంది. తెలుసుకోవడానికైతే కిందకి దించి చూడడమే మేలు.

డీబీపీడియాలో సమాచారపెట్టెల నుంచి ముడిగా తీసిన లక్షణాల మీద ఇలా చేస్తే ఒకే సంగతికి ఎన్ని పేర్లున్నాయో బయటపడుతుంది. పుట్టిన చోటుకి ఒక పెట్టెలో బర్త్‌ప్లేస్, ఇంకో పెట్టెలో ప్లేస్ ఆఫ్ బర్త్. ఒకచోట విలువ ఊరి యూఆర్ఐ, మరోచోట ఊరి పేరు రాసిన వట్టి అక్షరాలు. ఒక్క పేరుని నమ్ముకుని రాసిన స్పార్కల్ క్వెరీకి మిగతావాళ్లంతా కనిపించరు, కనిపించలేదన్న సంగతీ తెలియదు. పిండిన షేప్‌లో అవి పక్కపక్కనే శాతాలతో నిలబడి ఉంటాయి.

ఇక్కడొక జాగ్రత్త. పిండిన షేప్ ఉన్నది చెబుతుంది, ఉండాల్సింది చెప్పదు. దాన్ని అలాగే తెచ్చి అదే డేటా మీద వాలిడేషన్‌కి వాడితే ఎటూ కాకుండా పోతుంది. మధ్యలో మనిషి కూర్చుని, ఇది కావాలి, ఇది అక్కర్లేదు, ఇది యాదృచ్ఛికం అని కోసుకుంటూ పోవాలి. అలా కోసిన షేప్‌తో పరీక్ష నడిపినప్పుడు వచ్చే ఫెయిల్యూర్లే అసలు చదవాల్సినవి. వాటిని ఒక్కొక్కటిగా కాదు, నిబంధన వారీగా గుత్తులు కట్టి చూడాలి. ఒక నిబంధన దగ్గర దాదాపు అన్నీ పడిపోతుంటే తప్పు డేటాది కాదు, డేటా గురించి మనం అనుకున్నది తప్పు. పిడికెడు మాత్రమే పడిపోతే అవి నిజంగా దిద్దాల్సినవి కావచ్చు. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఈ రెండిటి మధ్యది. మూడో వంతో, సగమో ఫెయిలైతే చాలావరకు ఒకే క్లాస్ పేరు కింద రెండు రకాల వస్తువులున్నాయని అర్థం. పుస్తకం అన్న పేరు కింద రచనలూ ఉన్నాయి, వాటి ముద్రణలూ ఉన్నాయి. రచనకి ఐఎస్‌బీఎన్ ఉండదు, ముద్రణకి ఉంటుంది. అప్పుడు చేయాల్సింది ఐఎస్‌బీఎన్‌లు వెతికి నింపడం కాదు, షేప్‌ని రెండుగా చీల్చడం.

పెద్ద డేటా మీద ఈ పని మొత్తంగా చేయడం అయ్యేది కాదు. వికీడేటా క్వెరీ సర్వీస్ ఒక్కో క్వెరీకి 60 సెకన్ల గడువు ఇస్తుంది. పది కోట్ల అంశాలకి షేప్ పట్టుకుని వెళ్తే మొదటి మెట్టు మీదే ఆగిపోతాం. క్వెరీతో చిన్న గుంపుని ఎంచుకోవాలి, దాని చుట్టూ ఉన్న ట్రిపుల్స్ దించుకోవాలి, పరీక్ష ఇంట్లో నడపాలి. ఆ గుంపుని ఎలా ఎంచామన్నదీ ముఖ్యమే. పేరున్న మనుషుల పేజీలే తీసుకుంటే అందరి డేటా బ్రహ్మాండంగా కనిపిస్తుంది.

ఎవరి షేప్?

ఒకే మనిషి డేటా వంశవృక్షం కట్టేవాళ్లకి పుట్టిన తేదీ లేకపోతే పనికిరాదు. గ్రంథాలయాలకి తేదీ లేకపోయినా ఫర్వాలేదు, రచయితలకి గ్రంథాలయాలు ఉమ్మడిగా వాడే వీఐఏఎఫ్ గుర్తింపు సంఖ్య ఉంటే చాలు. రెండు షేప్‌లూ న్యాయమైనవే. అందుకే "ఈ డేటాసెట్ వాలిడ్" అన్న ముక్క ఒంటరిగా వినిపిస్తే దేని ప్రకారం అని అడగాలి. ఒప్పందం చేసుకున్న చోట్ల మాత్రం అందరికీ ఒకే షేప్ బాగా పనిచేస్తుంది. యూరప్ దేశాల ఓపెన్ డేటా పోర్టల్స్ తమ కేటలాగ్‌ల కోసం డీక్యాట్-ఏపీ అనే నమూనా పెట్టుకున్నాయి, ప్రతి డేటాసెట్‌కీ శీర్షిక, వివరణ తప్పనిసరి. ఆ నియమాలని షాకల్ షేప్‌లుగా కూడా ప్రచురిస్తారు. వైద్య సమాచార మార్పిడికి వాడే ఫైర్ (FHIR) ప్రమాణం తన ఆర్‌డీఎఫ్ రూపానికి షెక్స్ స్కీమాలు ఇస్తుంది. జన్యువులు చేసే పనులని వర్గీకరించే జీన్ ఆంటాలజీ వాళ్ల గో-క్యామ్ నమూనాలకీ షెక్స్‌నే వాడతారు.

రెండింట్లో ఏది నేర్చుకోవాలని అడిగితే, చేయబోయే పనిని బట్టి చెబుతాను. సంస్థలో పైప్‌లైన్ కట్టి, రోజూ రిపోర్ట్‌లు తీసి, వాటి మీద మళ్లీ క్వెరీలు వేయాలంటే షాకల్. పనిముట్లూ దానికే ఎక్కువ, పైథాన్‌లో పైషాకల్, జావాలో అపాచీ జెనా ఉన్నాయి. డేటా ఆకారం గురించి మనుషులు కూర్చుని మాట్లాడుకోవాలన్నా, వికీడేటాలో పని చేయాలన్నా షెక్స్. ఆర్‌డీఎఫ్ రాని నిపుణులకి షెక్స్ ఫైలు చూపిస్తే పది నిమిషాల్లో "ఈ ప్రశ్నార్థకం ఇక్కడ ఉండకూడదు" అని చెప్పగలరు. షాకల్ ఫైలు చూపించి ఆ మాట అనిపించడం కష్టం.

ఏది ఎంచుకున్నా, లక్షల నోడ్‌ల మీదకి వదిలే ముందు షేప్ పక్కన రెండు చిన్న ఫైళ్లు పెట్టుకోండి. ఒకటి తప్పకుండా పాస్ కావాల్సింది. రెండోది తప్పకుండా ఫెయిల్ కావాల్సింది: తేదీ చోట ఊరి పేరు, రెండు పుట్టిన తేదీలు, అసలు పేరే లేని మనిషి, ఒక్కో నిబంధనకి ఒక్కో తప్పు చొప్పున. షేప్‌లో అక్షరం మార్చిన ప్రతిసారీ రెండూ నడపండి. ఫెయిల్ కావాల్సిన ఫైల్లో పెట్టిన తప్పులు ఎన్నో, రిపోర్ట్‌లో వచ్చిన ఫలితాలు ఎన్నో పోల్చి చూస్తే, ఏ నిబంధన పని చేయకుండా పడుకుందో అక్కడే దొరికిపోతుంది.